దుకాణం కంప్యూటర్‌కు ఏ లినక్స్ మేలు?

ప్రశ్న: గాజువాకలో చిన్న జెరాక్స్, డీటీపీ దుకాణం నడుపుతున్నాను. ఆరో తరం ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్ ఉన్న కంప్యూటర్‌లో విండోస్ 10 వాడుతూ వచ్చాను. దానికి మద్దతు ఆగిపోయింది కనుక లినక్స్‌కు మారదలిచాను. లినక్స్‌లో ఒక రకమైన డెబియన్ పెట్టుకోమని మా తమ్ముడు అంటున్నాడు. అందులో అన్నీ పాత వెర్షన్లేనని, భద్రత ఉండదని, రోజూ అప్‌డేట్లు వచ్చే రోలింగ్ రకమే మేలని మా అబ్బాయి వాదన. కానీ వాడి ల్యాప్‌టాప్‌లో అలాంటి అప్‌డేట్ ఒకటి వేశాక ప్రింటర్ మొరాయించి, హాల్‌టికెట్ల కోసం వచ్చిన పిల్లలను తిప్పి పంపవలసి వచ్చింది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మీ దుకాణానికి డెబియన్ స్టేబుల్ (పరీక్షలు పూర్తయ్యాక విడుదల చేసే స్థిరమైన శాఖ) పెట్టుకోండి. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13కు మూడేళ్ల పూర్తి మద్దతు, ఆపై రెండేళ్ల దీర్ఘకాలిక మద్దతు ఉన్నాయి.

వెర్షన్ సంఖ్య పాతదైతే భద్రత లేదనుకోవడం చాలామంది పడే పొరపాటు. డెబియన్‌లో ఏదైనా లోపం బయటపడితే, కొత్త వెర్షన్ మొత్తాన్ని తెచ్చిపెట్టకుండా, ఆ లోపాన్ని సరిచేసే భాగాన్ని మాత్రమే ఉన్న వెర్షన్‌లో చేరుస్తారు; అందువల్ల సంఖ్య దాదాపు అలాగే కనిపించినా రంధ్రం పూడుతుంది, మీ ప్రింటర్ అమరిక చెదిరే అవకాశమూ బాగా తగ్గుతుంది. కొత్తదనంలోనూ ప్రమాదం ఉంటుందనడానికి 2024 మార్చి నాటి ఎక్స్‌జెడ్ ఉదంతమే సాక్ష్యం. ఫైళ్లను కుదించే ఆ చిన్న సాఫ్ట్‌వేర్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో దొంగదారి పెట్టారు. ఎస్ఎస్‌హెచ్ (దూరంగా ఉన్న కంప్యూటర్‌లోకి ప్రవేశించే పద్ధతి) లాగిన్‌కు దాదాపు అర సెకను అదనంగా పట్టడం గమనించిన ఆండ్రెస్ ఫ్రోయిండ్ అనే ఇంజనీరు దాన్ని పట్టుకున్నారు. అప్పటికే అది డెబియన్ పరీక్షా శాఖల్లోకి చేరింది కానీ స్టేబుల్‌లోకి రాలేదు.

అలాగని మీ అబ్బాయి మాటను తోసిపుచ్చలేను. డీటీపీ పనికి కొత్త ఇంక్‌స్కేప్ (డిజైన్లు గీసే సాఫ్ట్‌వేర్), కొత్త లిబ్రేఆఫీస్ (పత్రాలు తయారుచేసే సాఫ్ట్‌వేర్) నిజంగానే అవసరపడతాయి. వాటిని ఫ్లాట్‌ప్యాక్ (సిస్టమ్‌తో కలవకుండా విడిగా నడిచే ప్యాకేజీ) రూపంలో ఫ్లాట్‌హబ్ అనే ఆన్‌లైన్ సాఫ్ట్‌వేర్ భాండాగారం నుంచి వేసుకుంటే, కింద ఉన్న సిస్టమ్‌ను కదపకుండానే ఆ ఒక్క సాఫ్ట్‌వేర్ తాజాగా ఉంటుంది. డిస్కులో మాత్రం కాస్త ఎక్కువ చోటు పడుతుంది. ఇప్పుడే మార్కెట్లోకి వచ్చిన ల్యాప్‌టాప్ అయితే కొత్త కెర్నల్ (హార్డ్‌వేర్‌ను నడిపించే లినక్స్ మూలభాగం) కావాలి కనుక, దాదాపు ఆరు నెలలకోసారి విడుదలయ్యే ఫెడోరా అనే మరో లినక్స్‌ను సూచించేవాణ్ణి. మీ ఆరో తరం యంత్రానికి ఆ అవసరం లేదు.

మీరు రాయని విషయం ఒకటుంది. పేజ్‌మేకర్ లినక్స్‌పై నేరుగా నడవదు. అను ఫాంట్లతో దానిలో చేసిన పాత పెళ్లి కార్డుల ఫైళ్లు ఇంకా తెరవవలసి వస్తుంటే, ఇంటర్నెట్ కలపని వేరొక పాత కంప్యూటర్‌లో విండోస్‌ను అలాగే ఉంచుకోండి.

ఏదీ చెరిపేయకముందు, దుకాణం మూసి ఉన్న రోజున డెబియన్ లైవ్ పెన్‌డ్రైవ్‌తో (ఇన్‌స్టాల్ చేయకుండానే డెబియన్‌ను నడిపి చూపేది) కంప్యూటర్‌ను ఆన్ చేసి, ఒక హాల్‌టికెట్ ప్రింట్ తీసి, ఒక ఆధార్ కార్డును స్కాన్ చేసి, నాలుగు వాక్యాలు తెలుగులో టైపు చేసి చూడండి. ఈ మూడూ సవ్యంగా జరిగాకే ఇన్‌స్టాల్ చేయండి.