చలిబట్టలు అక్కడికెళ్లి కొనుక్కో

చిరంజీవి అమ్మడికి,

ఆశీస్సులు. చలిదేశం వెళ్తున్నావు కదా, బట్టల సంగతి కాస్త వివరంగా రాస్తున్నాను. బయల్దేరకముందే పెట్టె నిండా కొనేయకు. ఒక కోటు, ఒక స్వెట్టర్, రెండు జతల థర్మల్స్ (చలికి లోపల వేసుకునే బట్టలు) ఉంటే మొదటి పదిహేను రోజులు గడిచిపోతాయి. ఈలోగా పొద్దున్నే బస్టాపులో నిలబడ్డవాళ్ల కాళ్ల వంక చూడు. బూట్ల అడుగు మందంగా, గాడులు లోతుగా ఉన్నాయంటే అది మంచులో నడిచే ఊరు. రబ్బరు బూట్లు ఎక్కువగా కనిపిస్తే వాన ఊరు. దాన్నిబట్టి కొనుక్కో.

కొత్తగా వెళ్లినవాళ్లు పల్చటి చొక్కా మీద బొంతలాంటి కోటు వేసేసుకుంటారు. బస్సులో హీటరు వేడికి చెమట పడుతుంది, దిగగానే ఆ తడే ఒళ్లు జిల్లుమనిపిస్తుంది. అక్కడివాళ్లు పొరలుగా వేసుకునేది ఇందుకే, లోపలికి రాగానే ఒక్కొక్కటీ విప్పేయడానికి. ఒంటికి అంటుకునే పొర సన్నటి ఉన్నిదో పాలిస్టర్‌దో కావాలి. నూలు వద్దు, అది చెమట తాగి త్వరగా ఆరదు. దాని మీద స్వెట్టర్, ఆపైన గాలినీ నీటినీ ఆపే కోటు. వెచ్చదనమంతా పొరల మధ్య చిక్కిన గాలిదే కాబట్టి కోటు బిగుతుగా ఉంటే డబ్బు దండగ. స్వెట్టర్ మీదే కోటు తొడిగి చూడు, రెండు చేతులూ పైకెత్తు. నడుము బయటపడిందా, ఇంకో సైజు అడుగు.

బూట్లదీ అదే లెక్క. రెండు జతల సాక్సులు కుక్కితే రక్తం సరిగా ఆడక కాళ్లు ఇంకా చల్లబడతాయి. మందపాటి ఉన్ని సాక్సు ఒకే జత వేసుకుని, పాదాలు కాస్త ఉబ్బి ఉండే సాయంత్రం పూట కొలత చూసుకో. లోపల వేళ్లు ఆడాలి. చాలా ఇళ్లలో గుమ్మం దగ్గరే బూట్లు విప్పమంటారు. చిరుగుల సాక్సులతో పరువు పోగొట్టుకోకు! రోడ్ల మీద చల్లే ఉప్పుతో తోలు బూట్ల మీద తెల్లటి చారలు పడతాయి. నీళ్లు, వెనిగర్ సగం సగం కలిపి ఆరోజే తుడిచెయ్యి.

అసలు నష్టం జరిగేది ఉతికేటప్పుడు. ఉన్ని వేడినీళ్లలో తిరిగితే పోగుల మీది పొలుసులు ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి, నీ స్వెట్టర్ పసిపిల్ల చొక్కా అవుతుంది. బట్ట లోపల కుట్టిన చీటీ మీద తొట్టి బొమ్మలో 30 అని ఉంటే 30 డిగ్రీలకు మించిన వేడి పనికిరాదని. చెయ్యి బొమ్మ ఉంటే చేత్తోనే ఉతకాలి. చతురస్రంలో గుండ్రం మీద కొట్టివేత గీతలుంటే డ్రయర్‌లో వేయకు. ఉన్నిని పిండకు, తువ్వాలులో చుట్టి అదిమి, పరిచి ఆరబెట్టు. వేలాడదీస్తే నీటి బరువుకు సాగుతుంది. ఈకలు నింపిన కోటుకు డ్రయర్‌లో వేయొచ్చని చీటీ చెబితే, తక్కువ వేడిలో రెండు మూడు శుభ్రమైన టెన్నిస్ బంతులు కూడా వెయ్యి. అవి ముద్దల్ని విడగొడతాయి. లోపల తడి మిగిలితే ముక్కిపోయిన వాసన వస్తుంది, ఓపిగ్గా పూర్తిగా ఆరనివ్వు.

ఆఫీసుకు మొదటి వారం ముదురు రంగు ప్యాంటు, సాదా చొక్కా చాలు. పండుగ దుస్తులు మాత్రం నీ అంతట నువ్వు కొని వేసుకోకు, పిలిచినవాళ్లనే అడుగు. జపాన్‌లో కిమోనో అనే సంప్రదాయ అంగీని ఎడమ అంచు పైకి వచ్చేలా కట్టాలి, కుడి అంచు పైకి వచ్చేలా కట్టేది శవానికి. చూడటానికి చిన్న తేడాయే మరి.

సైజు నంబర్లు దేశాన్నిబట్టి మారతాయి. ఛాతీ, నడుము, తుంటి, పాదం పొడవు సెంటీమీటర్లలో రాసి ఫోన్‌లో పెట్టుకో. పాదాన్ని నిలబడే కొలుచుకో, కూర్చుంటే తక్కువొస్తుంది.

ఇట్లు,
పెద్దమ్మ