స్టెరాయిడ్ అయ్యింది, ఇక పీఆర్‌పీనా?

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. దిల్‌సుఖ్‌నగర్‌లో కర్రీ పాయింట్ నడుపుతున్నాను. ఆరు నెలలుగా కుడి మోచేతి బయటివైపు నొప్పి. గరిటె తిప్పినా, గిన్నె ఎత్తినా ప్రాణం పోతోంది. టెన్నిస్ ఎల్బో అన్నారు. స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో నెలన్నర బాగుంది, మళ్లీ మొదటికొచ్చింది. ఇప్పుడో క్లినిక్‌లో 3 సిట్టింగుల పీఆర్‌పీ ప్యాకేజీ చెబుతున్నారు. మావారి భుజం నొప్పికీ అదే మంచిదట. చేయించుకోమంటారా?

జవాబు: ఇంకా డబ్బు కట్టకపోతే కాస్త ఆగండమ్మా. పీఆర్‌పీ మోసమేమీ కాదు. మీ రక్తమే కొంచెం తీసి, మెషిన్‌లో గిరగిరా తిప్పి, మజ్జిగ చిలికి వెన్న తీసినట్టు ప్లేట్‌లెట్లు చిక్కగా ఉన్న ప్లాస్మాను వేరుచేసి, నొప్పి ఉన్న టెండన్‌లోకి (కండరాన్ని ఎముకకు కలిపే తాడు లాంటిది) ఎక్కిస్తారు. పాడైన టెండన్‌ను అది బాగుచేస్తుందని ఆశ.

దానికి ఇంత పేరు రావడానికి ఒక కారణం 2010లో నెదర్లాండ్స్‌లో 100 మందిని రెండు జట్లు చేసి, ఒకరికి స్టెరాయిడ్, ఇంకొకరికి పీఆర్‌పీ ఇచ్చి చూసిన ట్రయల్. స్టెరాయిడ్ వాళ్లకు మొదట హాయిగా ఉండి తర్వాత తిరగబెట్టింది, అచ్చం మీలాగే. పీఆర్‌పీ వాళ్లు మెల్లగా కోలుకున్నారు. ఏడాదికి నొప్పి కనీసం పావు వంతు తగ్గి, మళ్లీ చికిత్స అవసరం పడనివాళ్లు పీఆర్‌పీలో 73 శాతం, స్టెరాయిడ్‌లో 49 శాతం.

మెలిక ఎక్కడంటే, పోల్చింది స్టెరాయిడ్‌తో. తిరగబెట్టే మందు పక్కన నిలబడితే ఏదైనా మెరుగ్గానే కనిపిస్తుంది. ఉత్త సెలైన్‌తో పోల్చిన ట్రయల్స్ చాలావాటిలో ఆ మెరుపు నిలవలేదు. 2021లో కాక్రేన్ సంస్థ 32 అధ్యయనాలను కలిపి చూసి, మోచేతి నొప్పికి పీఆర్‌పీతో చెప్పుకోదగ్గ లాభం లేదనే తేల్చింది. ఈ నొప్పి చాలామందికి ఏడాది, ఏడాదిన్నరలో దానంతటదే తగ్గుతుంది. ఆ టైమ్‌లో ఏ సూది పొడిస్తే పేరు దానికే!

మీవారిది వేరే లెక్క. ఫ్రోజెన్ షోల్డరా (భుజం బిగుసుకుపోవడం), రొటేటర్ కఫ్ (భుజం చుట్టూ ఉండే టెండన్లు) చిరిగిందా అన్నది ముందు తేలాలి. 2011లో ఇటలీలో 88 మందికి చిరిగిన కఫ్ కుట్టేటప్పుడు, కొందరికి ప్లేట్‌లెట్లతో చేసిన పొర కూడా పెట్టి చూశారు. ఫలితంలో పెద్ద తేడా రాలేదు.

మీరు ఇది మొదలుపెట్టండి. ముంజేతిని టేబుల్‌పై ఆనించి, మణికట్టును టేబుల్ అంచు దాటి బయటికి ఉంచి, అరచేయి కిందికి పెట్టి అరలీటరు నీళ్ల బాటిల్ పట్టుకోండి. ఎడమచేత్తో మణికట్టును పైకి లేపి, కుడిచేత్తో ఐదు లెక్కపెడుతూ నిదానంగా దించండి. పదిహేనుసార్లు, రోజుకు మూడు విడతలు. కొంచెం నొప్పి ఉంటుంది, ఫరవాలేదు. గిన్నెలు అరచేయి పైకి ఉండేలా ఎత్తండి, గరిటె పిడికి గుడ్డ చుట్టి లావు చేయండి. వేళ్లు తిమ్మిరెక్కినా, మెడ నుంచి నొప్పి దిగుతున్నా మాత్రం ఆలస్యం చేయకుండా ఆర్థోపెడిక్ డాక్టర్‌కు చూపించండి.

మూడు నెలలు శ్రద్ధగా చేసినా తగ్గకపోతే అప్పుడు పీఆర్‌పీ గురించి మాట్లాడుకోవచ్చు. అదీ ప్యాకేజీగా కాదు. ఒక్కసారి, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ చేసేవాళ్ల దగ్గర. దానికి వారం ముందు నుంచి డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్లలు ఆపాలేమో వాళ్లనే అడగండి.