చెరువులో విబ్రియో వచ్చిన రొయ్యలు ఇంట్లో వండుకోవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదండి. ఆకివీడు దగ్గర మీ చెరువులో వనామీ రొయ్యలు రోజూ కొన్ని చచ్చిపోతున్నాయి. ల్యాబ్ వాళ్ళు బాక్టీరియాని పెంచి చూసే ప్లేటు మీద గ్రీన్ కాలనీలు, అంటే ఆకుపచ్చ బాక్టీరియా గుంపులు, ఎక్కువున్నాయన్నారు. బతికున్నవి పట్టి వండుకుంటే విబ్రియో అనే అదే బాక్టీరియా మీకూ ఎక్కుతుందేమోనని టెన్షన్. పైగా నాన్నగారికి లివర్ జబ్బు ఉంది.

నేను భీమవరంలో ఒక ఆక్వా ల్యాబ్‌లో ఆరేళ్ళు ఆ ప్లేట్లే చూశాను. గ్రీన్ కాలనీలు అనగానే రైతు ముఖం పాలిపోతుంది. కానీ ఆ రంగు చెప్పేది చాలా తక్కువ. విబ్రియోల్ని పెంచే ఆ ప్లేటుని టీసీబీఎస్ అంటారు, దానిలో పంచదార కలిపి ఉంటుంది. ఆ పంచదారని వాడుకోగలిగే విబ్రియోలు పులుపు పుట్టించి పసుపు రంగుకి తిరుగుతాయి, వాడుకోలేనివి ఆకుపచ్చగా ఉండిపోతాయి. అంతే. రొయ్యని చంపేదా, మనిషిని మంచాన పడేసేదా అన్నది తెలియాలంటే దాని జన్యువులు చూడాలి.

ఆకుపచ్చ వాటిలో తరచుగా తగిలేది విబ్రియో పారాహీమోలిటికస్. 1950లో జపాన్‌లోని ఒసాకాలో సగం ఎండిన చిన్న చేపలు తిని 272 మంది జబ్బుపడ్డారు, 20 మంది చనిపోయారు. అప్పుడే ఫుజినో అనే శాస్త్రవేత్త దీన్ని పట్టుకున్నారు. పేరు ఒకటే అయినా దీనిలో రకాలు చాలా ఉన్నాయి. రొయ్యపిల్లల్ని వేసిన నెల రోజుల్లోపే చంపే ఈఎంఎస్ (ఎర్లీ మోర్టాలిటీ సిండ్రోమ్) రకం దగ్గర ఒక ప్లాస్మిడ్ ఉంటుంది. ప్లాస్మిడ్ అంటే క్రోమోజోముతో సంబంధం లేకుండా విడిగా ఉండే చిన్న డీఎన్ఏ చుట్ట. దాని మీదున్న పిర్-ఎ, పిర్-బి జన్యువుల విషమే రొయ్య లివర్‌ని పాడుచేస్తుంది. మనిషికి జబ్బు చేసే రకానికి కావలసిన సరంజామా వేరు. టీడీహెచ్ అనే విషపు జన్యువు, దాని పక్కనే మన పేగు కణాల్లోకి విషాన్ని గుచ్చే సూది లాంటి యంత్రాన్ని తయారుచేసే జన్యువులు, అన్నీ రెండో క్రోమోజోము మీద ఒకేచోట ఉంటాయి. చెరువు నీళ్ళలో దొరికే పారాహీమోలిటికస్‌లో ఎక్కువ భాగానికి ఈ టీడీహెచ్ ఉండదు. కాబట్టి రొయ్య చచ్చిపోతోంది గనక మనకూ వస్తుందని లెక్క కట్టక్కర్లేదు.

నన్ను బాగా కట్టిపడేసిన సంగతి ఒకటి చెప్తాను. ఆ సూది యంత్రాన్ని పారాహీమోలిటికస్ అన్ని వేళలా నడపదు. మన పేగులోకి వెళ్ళాక పైత్యరసం తగలాలి. వీటీఆర్-ఎ, వీటీఆర్-సి అనే రెండు ప్రోటీన్లు జంటగా పైత్య లవణాన్ని పట్టుకున్నప్పుడే ఆ జన్యువులు మేల్కొంటాయి. అన్నం అరగడానికి మన లివర్ పంపే రసమే దానికి 'చేరావు, పని మొదలుపెట్టు' అన్న కబురు అవుతుంది.

అలాగని తేలిగ్గా తీసుకోకండి. నాలుగేళ్ళ కిందట మా బావ చెరువు పట్టుబడి రోజున గట్టు మీదే ఉప్పూ పసుపూ వేసి రెండు కిలోలు ఉడకబెట్టాం. ఉడకడంలో లోపం లేదు. నీళ్ళు వంపేసి, పచ్చి రొయ్యలు తెచ్చిన నీలం ట్రేలోనే నేను వాటిని పోశాను. ట్రే అడుగున చెరువు నీళ్ళు ఇంకా ఉన్నాయి, మూలకి రెండు మీసాలు అంటుకుని ఉన్నాయి. ఈలోగా లారీ వచ్చింది, కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు తూగాయన్న లెక్క) దగ్గర గొడవైంది, తినేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. అనువైన వేడి దొరికితే ఈ బాక్టీరియా పది నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. తెల్లవారుజామున నలుగురికి నీళ్ళ విరేచనాలు, కడుపులో మెలిపెట్టే నొప్పి. తొమ్మిదేళ్ళ మా మేనకోడలికి సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది. పరీక్ష చేయించలేదు గానీ లక్షణాలూ టైమూ దీనివే. రోజూ ప్లేట్ల ముందు కూర్చునే నేనే ఆ ట్రే చూసుకోలేదని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

అందుకని, బతికున్న రొయ్యల్ని పట్టగానే ఐసులో వేయండి. కుళాయి నీళ్ళతో బాగా కడగండి, ఉప్పు లేని నీళ్ళు ఈ బాక్టీరియాకి పడవు. లోపలిదాకా ఉడికితే చచ్చిపోతుంది. వండింది మాత్రం వేరే గిన్నెలోకే తీయండి. చచ్చి తేలినవి వద్దు, మందు వాడిన చెరువైతే ఆ మందు రొయ్య ఒంట్లోంచి పోయే గడువు అయ్యేదాకా ఆగండి.

చెరువులో యాంటీబయాటిక్ పోయించమని ఎవరైనా చెబితే వినకండి. రొయ్య పెంకులో ఉండే కైటిన్ మీద పెరిగేటప్పుడు కలరా విబ్రియో చుట్టుపక్కల డీఎన్ఏని లోపలికి లాక్కుంటుందని 2005లో తేలింది, పారాహీమోలిటికస్‌కీ ఆ గుణం ఉంది. చెరువు నిండా పెంకులే కదండి. మందుకి లొంగని జన్యువు ఒకదానికి ఉంటే మిగతావాటికి చేరడానికి దారి ఉన్నట్టే.

ఇక నాన్నగారి విషయం. ఆయన విషయంలో నేను భయపడేది పారాహీమోలిటికస్‌కి కాదు, అదే ప్లేటులో ఎక్కువగా ఆకుపచ్చగానే కనిపించే విబ్రియో వల్నిఫికస్‌కి. లివర్ జబ్బున్నవాళ్ళ రక్తంలో ఇనుము ఎక్కువగా అందుబాటులో ఉంటుంది, ఆ ఇనుముని లాక్కునే జన్యువులు దీని దగ్గర ఉన్నాయి. రక్తంలోకి వెళ్ళిందంటే ప్రాణం మీదికి వస్తుంది, గంటల మీద ముదురుతుంది. సగం ఉడికిన రొయ్య, పీత ఆయనకి పెట్టకండి. కాలికి పుండు గానీ దెబ్బ గానీ ఉంటే చెరువులోకి అసలు దింపకండి. ఆ పుండు ఎర్రబడి, వాచి, జ్వరం వస్తే తెల్లారేదాకా చూడకుండా ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్ళి, చెరువు నీళ్ళు తగిలాయని డాక్టరుకి ముందే చెప్పండి.