బ్యాకప్ సర్వర్ ఇంటర్వ్యూ: డేటాబేస్ సైజు లెక్క ఎలా చెప్పాలి?

ప్రశ్న: మాది జడ్చర్ల. బీఎస్సీ కంప్యూటర్స్ ఫైనలియర్. హైదరాబాద్‌లో బ్యాకప్ అడ్మిన్ ట్రైనీ ఇంటర్వ్యూకి వెళ్తే, ‘10 టీబీ డేటాకి బ్యాకప్ సర్వర్ డేటాబేస్ ఎంత కావాలి? ఒక్క సర్వర్ ఎంతవరకు లాగుతుంది?’ అని అడిగారు. 100 జీబీ అన్నాను. వాళ్లు ఒప్పుకోలేదు. ఏం చెప్పాల్సింది?

జవాబు: ఆ ప్రశ్నకి వెంటనే అంకె చెప్పకూడదు. ‘ఫైళ్లు ఎన్ని? ఒక్కోదానికి ఎన్ని వెర్షన్లు ఉంచాలి? డీడూప్లికేషన్ (ఒకేలా ఉన్న డేటా ముక్కని ఒక్కసారే దాచడం) ఉందా?’ అని ముందు మీరే అడగాలి. బ్యాకప్ సర్వర్ డేటాబేస్‌లో ఉండేది ఏ ఫైలు, ఏ తేదీది, ఏ టేపులో లేదా డిస్కులో ఉందనే చిట్టా. ఫైలు 1 కేబీ అయినా 2 జీబీ అయినా చిట్టాలో అది తీసుకునే చోటు దాదాపు ఒక్కటే.

మిర్యాలగూడలో ఒక పెళ్లిళ్ల స్టూడియోలో 4 టీబీ వీడియోలు ఉన్నాయనుకోండి. ఫైలు 2 జీబీ చొప్పున మొత్తం 2 వేల ఫైళ్లే. నల్గొండలో ఒక డయాగ్నస్టిక్ ల్యాబ్‌లో ఉన్నది 200 జీబీయే, కానీ 100 కేబీ పీడీఎఫ్ రిపోర్టులు 20 లక్షలు. చిట్టా ల్యాబ్‌కే వెయ్యి రెట్లు పెద్దది.

ఐబీఎం స్టోరేజ్ ప్రొటెక్ట్ (పాత పేరు టివోలీ స్టోరేజ్ మేనేజర్) వాడేవాళ్లు ఫైలు వెర్షన్‌కి 600 నుంచి 1000 బైట్లు, రెండో కాపీకి ఇంకో 200 బైట్లు వేసుకుంటారు. ల్యాబ్ రిపోర్టు ఒకసారి ఇచ్చాక మారదు, వెర్షన్ ఒకటే. 20 లక్షలు ఇంటూ 1200 బైట్లు, అంటే 2.4 జీబీ. ఇండెక్సులకి, ఇతర అవసరాలకి 50 శాతం కలిపితే 3.6 జీబీ. అవే ఫైళ్లు తరచూ మారుతూ మూడేసి వెర్షన్లు ఉంచాల్సి వస్తే 10.8 జీబీ.

డీడూప్లికేషన్ పెడితే లెక్క మారిపోతుంది. అప్పుడు ఫైలుతోపాటు ప్రతి ముక్కకీ రికార్డు కావాలి. ముక్క సగటున 100 కేబీ, రికార్డు 500 బైట్లు అనుకుంటే 10 టీబీకి 10 కోట్ల ముక్కలు, వాటికే 50 జీబీ. ఈ అంచనాలన్నీ పైకి చెబుతూ లెక్క వేస్తే, చివరి అంకె కాస్త అటూ ఇటూ అయినా ఎవరూ తప్పుపట్టరు.

ఇక స్కేలింగ్, అంటే ఒక్క సర్వర్ ఎంతవరకు లాగుతుందనేది. టివోలీ 5వ వెర్షన్ వరకు డేటాబేస్‌కి 530 జీబీ గట్టి హద్దు ఉండేది. 6వ వెర్షన్‌లో ఐబీఎం డేటాబేస్ డీబీ2 వచ్చాక ఆ హద్దు పోయింది. ఇప్పుడు చాలాచోట్ల డిస్కు కంటే ముందు టైమ్ అయిపోతుంది. రాత్రి బ్యాకప్‌లు, పగలు గడువు తీరిన రికార్డుల తొలగింపు, డేటాబేస్ సొంత బ్యాకప్ జరగాలి. 1 టీబీ డేటాబేస్‌ని సెకనుకి 100 ఎంబీ వేగంతో రాస్తే సుమారు 2 గంటల 45 నిమిషాలు. సర్వర్ పడిపోతే డేటాబేస్‌ని తిరిగి ఎక్కించేదాకా ఎవరి ఫైలూ రీస్టోర్ కాదు. ఇవాళ్టి తొలగింపు రాత్రి బ్యాకప్ మొదలయ్యేలోగా పూర్తికావడం లేదంటే రెండో సర్వర్‌కి వేళైనట్లే. డేటాబేస్‌ని బ్యాకప్ డేటా ఉన్న డిస్కు మీదే పెట్టడం కూడా బాగా నెమ్మదింపజేస్తుంది. వేరే ఎస్ఎస్‌డీ కావాలి.

దీన్ని ఇంట్లోనే చేసి చూడండి. 8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్ (కంప్యూటర్‌లోనే ఇంకో కంప్యూటర్ నడిపేది), అందులో లినక్స్, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌తో బాక్యులా అనే బ్యాకప్ సాఫ్ట్‌వేర్, ఇవన్నీ ఉచితమే. ఒక ఫోల్డర్‌లో 100 ఎంబీ ఫైలు ఒకటి, ఇంకోదాంట్లో 1 కేబీ ఫైళ్లు లక్ష పెట్టి, విడివిడిగా ఫుల్ బ్యాకప్ తీయండి. ప్రతిసారీ ముందూ వెనకా డేటాబేస్ సైజు రాసుకోండి. లక్ష ఫైళ్లకి మళ్లీ ఫుల్ తీస్తే లక్ష రికార్డులు మళ్లీ చేరతాయి. ఇంక్రిమెంటల్‌లో మారినవే చేరతాయి. తర్వాత పాత జాబ్‌లు తొలగించండి. డిస్కు మీద సైజు తగ్గదు. పోస్ట్‌గ్రెస్‌లోని వాక్యూమ్ కమాండ్ ఆ ఖాళీని మళ్లీ వాడుకోనిస్తుంది. వాక్యూమ్ ఫుల్ సైజు తగ్గిస్తుంది కానీ టేబుల్‌ని లాక్ చేసి కొత్త కాపీ రాస్తుంది, దానికి అదనపు చోటు కావాలి. డిస్కు నిండిపోయాక దాన్ని నడపబోయి ఇరుక్కునేవాళ్లు చాలామంది.

ఈ కొలతల పట్టికని ఒక పేజీలో రెజ్యూమెకి జోడించండి. ఈ ఉద్యోగంలో నైట్ షిఫ్టులు తప్పవు. చేరేముందే ఇంట్లో చెప్పి ఒప్పించుకోండి.