కోనసముద్రం పోయే మేనకోడలికి

బిడ్డా,

నీకు ఇంగ్లండుల పీహెచ్‌డీ సీటు వచ్చిందని, నిజామాబాద్ దిక్కు కోనసముద్రంల మన కమ్మరోళ్లు పూర్వం తీసిన ఉక్కు మీద పని చేస్తవని మీ అమ్మ ఫోన్ల చెప్పింది. హన్మకొండల మా వాడకట్టంత చెప్పుకొని తిరిగిన. రాత్రి మాత్రం నిద్ర పట్టలే.

చిన్నయి ముందు చెప్త. ఊర్లె పెద్దమనుషులను కలువు. ఉక్కు తీయంగ మిగిలిన చిట్టెపు దిబ్బల మీద మంచి బూట్లతోనే నడువు. రికార్డింగులు రెండు చోట్ల దాచు. అప్పట్ల ఆ ఊరి ఉక్కు తయారీ గురించి రాసిన ఇంగ్లీషాయన వోయ్సీ వ్యాసం తెప్పించుకొని నువ్వే చదువు. ఆయన పోయినంక 1832ల కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికల అచ్చయింది. దాన్ని చదివినోళ్ల కంటె దాని గురించి రాసినోళ్లే ఎక్కువ.

ఇగ అసలు ముచ్చట. నాతోని పనిచేసిన ఒకాయన ఉండె. నిజామాబాద్ దిక్కు పల్లెలు తిరిగి, తాతల నాటి ముచ్చట్లు ఎరిగిన ముసలి కమ్మరాయనను పట్టుకున్నడు. ఉక్కు కరిగించే మూసల మట్టిల ఊక ఎందుకు కలుపుతరో, తక్కువైతే మూస ఎట్ల పగులుతదో ఆ ముసలాయన అరుగు మీద కూసొని పూసగుచ్చినట్టు చెప్పిండు. మావోడు ఉరుక్కుంట వచ్చి గైడుకు చూపెట్టిండు. "ఇది ఎవరన్న రాసిన్రా?" అని గైడు అడిగిండు. ఎవరూ రాయలే. "అయితే తీసెయ్" అన్నడు. తీసేసిండు. కొన్నేండ్లకు అదే మాట ఇంగ్లీషుల అచ్చయింది, ల్యాబుల తేలిందని. అప్పుడు గైడే పిలిచి, ఆ వ్యాసం పేరు పెట్టి ఆ ముక్క మళ్ల రాపిచ్చిండు. థీసిస్‌కు బైండింగయింది, పట్టా వచ్చింది. ముసలాయన ఆ పుస్తకంల ఏడ లేడు. మావోడు మళ్ల ఆ ఊరు దిక్కు పోలే. దావతులల్ల ఎవరన్న కోనసముద్రం అంటె లేచి బయటికి పోయేటోడు.

1819ల ఇంగ్లండు శాస్త్రవేత్త ఫారడే మన ఉక్కును పరీక్షించి, అల్యూమినా వల్ల దానికి ఆ గుణమొచ్చిందనుకున్నడు. అది తప్పు, అసలు సంగతి కర్బనంల ఉంది. అయినా ఆయన తప్పు ఆయన పేరుతోనే ఇప్పటికీ చదువుతున్నం. ముసలాయన ఒప్పుకు పేరే లేదు.

దీనికి తెల్లోళ్లను తిట్టుడు అలక. ఆ గదిల తెల్లోడు ఒక్కడన్న ఉండెనా? గైడు మనోడు, పరీక్షించిన పెద్దమనిషి మనోడు. రెండో అధ్యాయంల యూరపు సిద్ధాంతం, మూడో అధ్యాయంల ఊరు అని వరుస కట్టింది మనమే. కమ్మరోని మాట లెక్కకు రాదనే బుద్ధి లండన్ నుంచి దిగలే. అది మన ఇండ్లల్లనే ఉండె. దానికి ఇంగ్లీషు ముద్ర దొరికింది.

ఇంకో భయం. ఇట్ల రాస్తున్నవని తెలిస్తె, "అన్నీ మన వేదాలల్లనే ఉన్నయి" అనేటోళ్లు పిలిచి శాలువ కప్పుతరు. పోకు. ముసలోళ్లు చెప్పిన మాటను కూడ పరీక్షకు పెట్టు. మట్టి కలిపి, ఊక కలిపి, కాల్చి చూడు. ఫారడేకు చేసిన మర్యాదే కమ్మరోళ్లకు చెయ్యి.

అక్కడ యూనివర్సిటీల ఎథిక్స్ ఫారం ఇస్తరు, మనుషులను అడిగి చేసే పరిశోధనకు అనుమతి కాయితం. మామూలుగ అందరి పేర్లు దాచుమనే అంటరు. దాచుమన్నోళ్లవి తప్పకుండ దాచు. "నా పేరు ఉండాలె" అన్నాయనను మాత్రం "సమాచారదాత 4" చెయ్యకు. ఫారం నింపేటప్పుడే ఆ సంగతి రాసిపెట్టు, తర్వాత మార్చుడు మస్తు తిప్పలు. గైడు కోప్పడితె కోప్పడనీ. నీకు చిన్నప్పటి నుంచి మొండితనం ఉన్నదిగద, ఇన్నేండ్లు దానికే తిట్టిన. ఇప్పుడు వాడుకో.

నువ్వు అక్కడనే ఉండిపోతవేమోనని మీ అమ్మ రంది. ఉండు, ఏం కాదు. ఆ ఊరికి మాత్రం మళ్ల పొయ్యేటట్టు పని చెయ్యి. రికార్డింగుల కాపీ వాళ్లకియ్యి. థీసిస్ అయినంక తెలుగుల చిన్న పుస్తకం ఒకటి రాసి ఆ ఊరి బడికియ్యి. అచ్చు ఖర్చు నేను పెట్టుకుంట. మీ అత్తకు చెప్పకు.

మీ మామ