ల్యాబ్ బిల్లింగ్‌లో చేరుతున్న మా అమ్మడికి

అమ్మడూ,

నీకు ల్యాబ్ బిల్లింగ్‌లో జాబ్ వచ్చిందని నిన్న అక్క ఫోన్ చేసి చెప్పింది, భలే సంతోషమేసింది. నేను ఇక్కడ అమెరికాలో ముందు ల్యాబ్‌లో, తర్వాత బిల్లింగ్‌లో కలిపి ఇరవై రెండేళ్ళు చేశా కదా, తెలిసింది నాలుగు ముక్కలు రాస్తున్నా, తీరిగ్గా చదువుకో.

నీకు మొదట కోడ్లు నేర్పిస్తారు. రక్తకణాలు లెక్కపెట్టే సీబీసీకి 85025, మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీకి 83036, రక్తం తీసినందుకు 36415, ఇలా. నెల తిరిగేసరికి నోటికొచ్చేస్తాయి, దిగులొద్దు. అసలు సంగతేంటంటే టెస్టుకి డబ్బులొస్తాయా రావా అన్నది నీ కంప్యూటర్ ముందు తేలేది కాదు, సూది గుచ్చకముందే డాక్టర్ రాసిన ఆర్డర్ కాగితం మీదే సగానికి సగం తేలిపోయి ఉంటుంది.

2015 చివర్లో, జబ్బులకి కోడ్లిచ్చే ఐసీడీ-10 పద్ధతి వచ్చిన కొత్తల్లో, ఒక పెద్దావిడ విటమిన్ డి టెస్టుకి డబ్బులడుగుతూ పంపిన క్లెయిమ్ మెడికేర్ నుంచి, అంటే ఇక్కడ పెద్దవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే ఇన్సూరెన్స్ నుంచి, డినై అయి తిరిగొచ్చింది. కాగితం తీసి చూస్తే డయాగ్నోసిస్ దగ్గర జెడ్00.00 అని ఉంది, అంటే మామూలు చెకప్. జబ్బేమీ లేకుండా ఊరికే చేసే విటమిన్ డి టెస్టుకి మెడికేర్ ఇవ్వదు. డాక్టర్ ఆఫీసుకి ఫోన్ చేస్తే అక్కడమ్మాయి చార్ట్ తెరిచి, ఆవిడకి ఆస్టియోపొరోసిస్ ఉందండీ, రెండేళ్ళ నుంచి మందులు కూడా వాడుతున్నారు అంది. ఎముకలు గుల్లబారే ఆ జబ్బు కోడ్ ఎం81.0, చార్ట్‌లో ఉంది, ఆర్డర్ మీదకే రాలేదు. ఫోన్ పెట్టగానే మా అప్పటి సూపర్‌వైజర్ ఇంకేం, నువ్వే మార్చి పంపెయ్ అన్నాడు, నేను ఒప్పుకోలేదు. డాక్టర్ సంతకంతో సరిచేసిన ఆర్డర్ ఫ్యాక్స్‌లో వచ్చేదాకా నాలుగు రోజులు ఆగి పంపా, డబ్బులొచ్చాయి. డబ్బులొచ్చే కోడ్ ఏదో మనకి తెలుసు కదా అని మనమే వేసేయడం ఎంత చిన్న పనిలా కనిపించినా అది తప్పుడు క్లెయిమే, ప్రభుత్వాన్ని మోసం చేసి డబ్బులడిగేవాళ్ళ మీద ఉన్న ఫాల్స్ క్లెయిమ్స్ యాక్ట్ కిందికి వస్తుంది, ఎవరు చెప్పినా ఆ పని చెయ్యకు.

ఆ రోజు నాకు ఇంకో భయం కూడా ఉండింది. ఆవిడ దగ్గర ఏబీఎన్ తీసుకోలేదు. ఏబీఎన్ అంటే ఈ టెస్టుకి మెడికేర్ ఇవ్వకపోవచ్చు, ఎందుకు ఇవ్వదో ఇదీ, సుమారు ఖర్చు ఇంత అని రాసి, చేయించుకుంటారా లేదా అని రక్తం తీసేముందే పేషెంట్ చేత టిక్ పెట్టించి సంతకం తీసుకునే ఫారం. అది లేకుండా అవసరం లేని టెస్టని డినై చేస్తే పేషెంట్‌కి బిల్లు పంపే హక్కు మనకి లేదు, ల్యాబే భరించాలి. అలాగని వచ్చిన ప్రతివాళ్ళ చేతా సంతకం పెట్టించేస్తే అదీ చెల్లదు. దీని మీద మాత్రం బాగా శ్రద్ధ పెట్టమ్మా. మెడికేర్‌లో ల్యాబ్ టెస్టులకి మామూలుగా కోపే, అంటే పేషెంట్ తన జేబులోంచి కట్టే వాటా, ఉండదు, అలాంటిది పెద్దవాళ్ళకి ఒక్కసారిగా బిల్లు వెళ్తే ఎంత హడలిపోతారో నేను ఫోన్లో విన్నా.

మిగతావి గబగబా చెప్పేస్తా. షుగర్ కంట్రోల్లో ఉన్నవాళ్ళకి ఏ1సీ మూడు నెలలకొకసారి మించితే అభ్యంతరం పెడతారు. 80053 అనేది ప్యానెల్, అంటే ఒకే కోడ్ కింద కలిపి చేసే టెస్టుల కట్ట, అందులో పద్నాలుగు టెస్టులుంటాయి, వాటిని విడగొట్టి బిల్ చేయకూడదు. మెడికేర్ క్లెయిమ్‌కి టెస్టు రోజు నుంచి ఏడాది గడువు, డినైల్ మీద మొదటి అప్పీల్‌కి 120 రోజులు. ప్రైవేట్ ఇన్సూరెన్స్‌లది ఎవరి కాంట్రాక్ట్ వాళ్ళది, అది ఎక్కడుందో మొదటి వారమే అడిగి చదువు.

రేట్ల సంగతి కూడా తెలిసుండాలి. 2014లో పామా అని చట్టం వచ్చింది, ప్రైవేట్ ఇన్సూరెన్స్‌లు ల్యాబులకి ఇచ్చే రేట్లు చూసి మెడికేర్ తన రేట్లు పెట్టుకోవడం దాని పద్ధతి. 2018, 2019, 2020లో ఏడాదికి 10 శాతం దాకా కోతలు పడ్డాయి, ఆ తర్వాత 15 శాతం కోతల్ని ఇక్కడి పార్లమెంటు, అంటే అమెరికా కాంగ్రెస్, మళ్ళీ మళ్ళీ వాయిదా వేస్తూ వచ్చింది. కోత పడిందంటే మొదట దెబ్బ తినేది నర్సింగ్ హోముల చుట్టూ తిరిగి రక్తం తెచ్చే చిన్న ల్యాబులే, నాకు అదే బాధ.

ఇక ముందు ముందు వచ్చేవాటి గురించి అడిగావట. కొత్త టెస్టు గురించి వినగానే ఎంత గొప్పదో తర్వాత, ముందు ఎవరు డబ్బిస్తారో చూడు. పెద్దపేగు క్యాన్సర్‌ని రక్తంలో పట్టే స్క్రీనింగ్ టెస్టులకి మెడికేర్ 2021లోనే షరతులు పెట్టేసింది, మందులకీ టెస్టులకీ అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ ఒప్పుకుని ఉండాలి, క్యాన్సర్ ఉన్నవాళ్ళలో కనీసం 74 శాతం మందిని పట్టాలి, లేనివాళ్ళలో కనీసం 90 శాతం మందికి లేదని చెప్పాలి అని. అలాంటి టెస్టే షీల్డ్, దానికి 2024 జూలైలో అనుమతి వచ్చింది, దారి ముందే వేసుంది కాబట్టి మెడికేర్ డబ్బు కూడా వచ్చింది. అదే స్లైడ్లు స్కాన్ చేసే డిజిటల్ పాథాలజీ చూడు, 2023 నుంచి కేటగిరీ 3 అనే తాత్కాలిక కోడ్లున్నాయి, కానీ అవి వాడకం ఎంతుందో లెక్క తెలియడానికి పెట్టినవి, కోడ్ ఉంది కదా అని డబ్బు వచ్చేస్తుందనుకోకు. అల్జైమర్స్‌కి రక్త పరీక్ష 2025 మేలో ఎఫ్‌డీఏ క్లియర్ చేసింది, ఆ ఆర్డర్లు మీకూ వస్తాయి, వాటి కవరేజ్ పాలసీ ఎప్పటికప్పుడు చూసుకుంటూ ఉండు. ల్యాబులు సొంతంగా తయారుచేసుకునే టెస్టుల మీద ఎఫ్‌డీఏ 2024లో రూల్ తెస్తే 2025 మార్చిలో టెక్సాస్ ఫెడరల్ కోర్టు కొట్టేసింది, ఈ ఫీల్డ్‌లో నిన్న చదివింది ఇవాళ మారిపోతుంది.

చేరిన మొదటి వారంలోనే మీ మేనేజర్‌ని అడిగి ఒక పూట శాంపిల్స్ దించుకునే చోట కూర్చో. ట్యూబ్‌తో పాటు వచ్చే కాగితాలు ఓ యాభై చేత్తో పట్టుకుని చదువు, ఎన్నింటి మీద డయాగ్నోసిస్ ఖాళీగా ఉందో లెక్కపెట్టి శనివారం పొద్దున నాకు ఫోన్ చేసి చెప్పు.

మీ పిన్ని