హైదరాబాద్ తొలి మేయర్ల కాలపు రికార్డులు ఎక్కడ వెతకాలి, ఎలా చదవాలి?

అడిగిన ప్రశ్న ఇది: 1951లో మాడపాటి హనుమంతరావు గారు తొలి మేయర్ అయినప్పటి నుంచి 1960 దాకా హైదరాబాద్ ఎలా పెరిగిందో అసలు రికార్డులు చూసి రాయాలి, మేయర్ ఆఫీసు ఫైళ్లు ఎక్కడుంటాయి?

"మేయర్ ఫైళ్లు" అని అడిగితే ఏ రికార్డు రూములోనూ మీకు ఒక్క కట్ట కూడా ఇవ్వరు. వాళ్లు దాచిపెట్టడం వల్ల కాదు, ఆ పేరుతో ఫైలు తెరిచే అలవాటే ఇక్కడ లేదు. లాస్ ఏంజెలెస్‌లో 1973 నుంచి 1993 దాకా మేయర్‌గా ఉన్న టామ్ బ్రాడ్లీ పాలన కాగితాలు ఒక సంగ్రహంగా అక్కడి యూసీఎల్ఏ లైబ్రరీకి చేరాయి. అక్కడ మేయరే కార్యనిర్వాహక అధిపతి కాబట్టి ఆయన ఆఫీసు నుంచి కాగితం పుడుతుంది. ఇక్కడ కథ వేరు. 1955 నాటి హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ల చట్టం తీసి చూడండి. మున్సిపల్ అధికార వ్యవస్థలు అని మూడింటిని చెబుతుంది: కార్పొరేషన్, స్టాండింగ్ కమిటీ, కమిషనర్. మేయర్ పేరు ఆ వరసలో లేదు. ఆయన సభకు అధ్యక్షుడు. ఫైలు నడిపేది కమిషనర్.

కాబట్టి మేయర్ జాడ తీర్మానంలో ఉంటుంది, ఆ తీర్మానం ఏమైందన్నది కమిషనర్ ఫైలులో ఉంటుంది. ఈ రెండింటినీ కలపడమే మీ పని.

మొదట సభ మినిట్స్ పుస్తకాలు పట్టుకోండి. ప్రతి సమావేశానికి అజెండా, మినిట్స్ వేరువేరుగా ఉంటాయి. చాలామంది మినిట్స్ ఒక్కటే చూసి వచ్చేస్తారు. మినిట్స్‌లో "అజెండాలోని 14వ అంశం ఆమోదించడమైనది" అని ఒక్క ముక్క ఉంటుంది. ఆ 14వ అంశం ఏమిటో, ఎంత ఖర్చో, కమిషనర్ ఏమని సిఫారసు చేశాడో అజెండా నోట్‌లోనే దొరుకుతుంది. అది లేకుండా మినిట్స్ మూగవి. ఒక నోటు పుస్తకంలో ఐదు గళ్లు గీసుకోండి: తేదీ, సభా లేక స్టాండింగ్ కమిటీయా, తీర్మానం నంబరు, విషయం, అందులో ఉదహరించిన ఫైలు నంబరు. ఐదో గడి నిండితేనే ముందుకు దారి. అది ఖాళీగా ఉన్న తీర్మానాలను ప్రస్తుతానికి వదిలేయండి.

ఫైలు నంబరు దొరికాక, అది ఇంకా బతికుందా అన్నది దాని ముగింపు గుర్తు చెబుతుంది. ఆర్.డిస్ అని ఉంటే శాశ్వతంగా ఉంచాల్సింది, డి.డిస్ అయితే పదేళ్లు, ఎల్.డిస్ అయితే ఏడాది. 1950ల డి.డిస్ ఫైలు కోసం వారం రోజులు తిరగడం వృథా. అయితే ఒక కిటుకు ఉంది. కింది ఆఫీసులో తగలబెట్టేసిన ఫైలు తాలూకు ముఖ్యమైన ఉత్తరాల ప్రతులు పై ఆఫీసుకు వెళ్లి ఉంటాయి. పన్ను రేటు పెంపు, అప్పు తీసుకోవడం, హద్దుల మార్పు వంటి వాటికి ప్రభుత్వ మంజూరు కావాలి. అలాంటి విషయాల్లో కార్పొరేషన్ వైపు దొరకకపోతే ప్రభుత్వ శాఖ వైపు వెతకాలి, ఆ పాత కట్టలు ఆర్కైవ్స్‌కు చేరి ఉండొచ్చు. ఫైలు చేతికొచ్చాక నోట్ ఫైలు, కరెంట్ ఫైలు రెండూ ఉన్నాయా లేదా చూసుకోండి. కరెంట్ ఫైలులో వచ్చిన పోయిన ఉత్తరాలుంటాయి. ఎవరు అడ్డుపడ్డారు, ఎవరు ఒప్పుకున్నారు అన్నది నోట్ ఫైలులో ఉంటుంది.

ఇక ఎక్కడెక్కడ అన్నది. నిజాం కాలపు పునాది తెలియకుండా 1951 అర్థం కాదు కాబట్టి తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌తో మొదలుపెట్టండి. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద, ఆ తర్వాత విశ్వేశ్వరయ్య సూచనలు, 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు, ఇవన్నీ మీ కథకు ముందు అధ్యాయాలు. ఆ బోర్డును ఉర్దూలో ఆరాయిష్-ఎ-బల్దా అంటారు, కేటలాగులో ఆ పేరుతోనే చూడాలి. మున్సిపాలిటీకి బల్దియా. ఇప్పటికీ మన పత్రికలు వాడుతున్న మాటే. ఫైలుకు మిసిల్, గెజిట్‌కు జరీదా. ఈ నాలుగు మాటలు తెలియకపోతే కేటలాగు ముందు కూర్చున్నా ఉపయోగం లేదు. పైగా బోర్డు వేరు, బల్దియా వేరు. పత్తర్‌గట్టి, మొజంజాహీ మార్కెట్ వంటి పనులు బోర్డు చేతిమీద జరిగినవి. 1960లో ఏర్పడిన హౌసింగ్ బోర్డు దానికి వారసురాలు. బోర్డు కట్టిన ఇళ్ల కాగితాలు కార్పొరేషన్‌లో లేవని చిరాకుపడే ముందు అటువైపు అడగాలి.

సికింద్రాబాద్ సంగతి ఇంకా తిరకాసు. 1945కు ముందు అది బ్రిటిష్ రెసిడెంటు అజమాయిషీలో ఉంది, కాబట్టి ఆ కాలపు కాగితాలు ఢిల్లీలోని జాతీయ ఆర్కైవ్స్‌లో, లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఉంటాయి. 1950 నుంచి 1960 దాకా దానికి సొంత కార్పొరేషన్, సొంత మేయర్. 1960లో హైదరాబాద్‌లో కలిపారు. కంటోన్మెంట్ అప్పుడూ ఇప్పుడూ వేరే. అంటే మీరు రాయబోయే పదేళ్లలో "హైదరాబాద్ కార్పొరేషన్" అంటే మూసీకి రెండు వైపులా ఉన్న నగరమే, సికింద్రాబాద్ లేదు. 1961 జనగణన లెక్కను 1955 కార్పొరేషన్ లెక్క పక్కన పెట్టి "నగరం ఇంత పెరిగింది" అని రాసినవి కొన్ని చూస్తుంటాం. అందులో కొంత పెరుగుదల రెండు నగరాల మధ్య హద్దు గీత చెరిపినందువల్ల వచ్చింది. ఇదే తప్పు 2007లోనూ జరుగుతుంది. ఆ ఏప్రిల్ 16న పన్నెండు మున్సిపాలిటీలను కలిపి జీహెచ్ఎంసీ చేశారు. 172 చదరపు కిలోమీటర్ల నగరం రాత్రికి రాత్రి 600 దాటింది. కూకట్‌పల్లి, మల్కాజ్‌గిరి, ఎల్బీనగర్ వంటి చోట్ల అంతకుముందు కాగితాలు ఆయా పాత మున్సిపాలిటీలవి, ఇంకా వెనక్కి వెళ్తే గ్రామ పంచాయతీలవి. వాటిని ప్రధాన కార్యాలయంలో అడిగి లాభం లేదు, సర్కిల్ ఆఫీసులో అడగాలి.

తేదీల దగ్గర జాగ్రత్త. 1948 దాకా అధికార పత్రాలు ఫస్లీ (రెవెన్యూ లెక్కల) సంవత్సరాల్లో ఉంటాయి, నిజాం ఫర్మానాల మీద హిజ్రీ కూడా కనిపిస్తుంది. హైదరాబాద్ ఫస్లీ ఏడాది ఆజుర్ నెలతో, అంటే అక్టోబరు 6 ప్రాంతంలో మొదలవుతుంది. ఆజుర్, దై, బహమన్ నెలలకు 590 కలపండి, మిగతా తొమ్మిది నెలలకు 591. బహమన్ చివరి రోజులు జనవరిలోకి జారతాయి, అక్కడ ఒక్కసారి సరిచూసుకోండి. మూసీ వరద ఫస్లీ 1317 చివరి నెల ఆబాన్‌లో వచ్చింది, 591 కలిపితే 1908. కోస్తా, రాయలసీమ రెవెన్యూ రికార్డులకు అలవాటు పడ్డవాళ్లు ఇక్కడే తప్పటడుగు వేస్తారు. మద్రాసు ఫస్లీ జూలై 1న మొదలవుతుంది, ఆ లెక్క ఇక్కడ పెడితే మూడు నెలల కాగితాలు ఏడాది అటూ ఇటూ అయిపోతాయి. ఉర్దూ అంకెల్లో 2, 3 ఒకదాన్నొకటి పోలి ఉంటాయి, చెరిగిన సిరాలో మరీను. సంవత్సరాన్ని ఒక్క చోట చూసి రాసుకోవద్దు, అదే మిసిల్‌లో ఇంకో ఉత్తరంతో సరిపోల్చండి. పాత జమాఖర్చుల్లో మొత్తాలను అంకెల్లో కాకుండా సియాఖ్ గుర్తుల్లో వేసేవారు. అవి ఉర్దూ చదవడం వచ్చినవాళ్లందరికీ రావు. ఆర్కైవ్స్‌లో ఫార్సీ, ఉర్దూ తెలిసిన పాత సిబ్బందిని మర్యాదగా అడిగితే చెబుతారు.

డబ్బు లెక్క ఇంకో గుంట. 1950ల మొదట్లో ఉస్మానియా సిక్కా రూపాయి, భారత రూపాయి రెండూ నడిచాయి. కాగితాల్లో ఓ.ఎస్., ఐ.జి. అని ఉంటుంది. ఏడు ఓ.ఎస్. రూపాయలు ఆరు ఐ.జి. రూపాయలకు సమానం. బడ్జెట్‌లో 7,00,000 ఓ.ఎస్. అని ఉంటే అది 6,00,000 భారత రూపాయలు. ఈ మార్పు చేయకుండా 1951ని 1956తో పోల్చితే, ఏడో వంతు ఖర్చు తగ్గించేశారని మీరే ఒక మేయర్ మీద అభాండం వేసినట్టవుతుంది. 1957 ఏప్రిల్‌కు ముందు అణాలు, పైలు కూడా ఉంటాయి, రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు.

బడ్జెట్ పుస్తకంలో సాధారణంగా మూడు వరసలుంటాయి: గడిచిన ఏడాది అసలు ఖర్చు, నడుస్తున్న ఏడాది సవరించిన అంచనా, రాబోయే ఏడాది అంచనా. ఉటంకించదగినది మొదటి వరస ఒక్కటే. 1955-56లో రోడ్లకు నిజంగా ఎంత పెట్టారో తెలియాలంటే 1957-58 పుస్తకం తెరవాలి. అంచనాల ప్రకారం రాస్తే ప్రతి మేయరూ మహానుభావుడే.

నగరం పెరుగుదలను అన్నింటికంటే బాగా పట్టిచ్చేది పన్ను అసెస్‌మెంట్ రిజిస్టరు. డోర్ నంబరు, యజమాని, అద్దె విలువ, పన్ను, రిమార్కులు. హైదరాబాద్ డోర్ నంబరులో మొదటిది వార్డు, రెండోది బ్లాక్, మూడోది ఇల్లు. 3-6 తో మొదలైతే హిమాయత్‌నగర్ వైపు, 5-9 అయితే బషీర్‌బాగ్, ఆబిడ్స్ వైపు. ఒక నంబరు వెనక బై పెట్టి ఏ, బీ, 1, 2 అని తోకలు పెరుగుతున్నాయంటే ఆ స్థలం ముక్కలవుతోందని అర్థం. జూబ్లీహిల్స్‌లో ఇప్పటికీ ఎన్నో ఇళ్లకు 8-2-293/82 అన్నదే మొదలు. ఒకప్పుడు ఒక నంబరు కింద ఉన్న గుట్ట మీద కాలనీ లేచింది, నంబరు మాత్రం అలాగే ఉండిపోయి తోక పొడవైంది.

కానీ ఈ రిజిస్టరును గుడ్డిగా నమ్మకూడదు. అసెస్‌మెంట్ తేదీ ఇల్లు కట్టిన తేదీ కాదు. కట్టిన చాలా ఏళ్లకు పన్ను వేసిన ఇళ్లుంటాయి. అన్ని ఇళ్ల పన్నుల సాధారణ సవరణ జరిగిన ఏడాది ఒక్కసారిగా వందల ఇళ్లు "పుట్టుకొస్తాయి". అంతకుముందు ఐదారేళ్లు ఏమీ కట్టలేదేమో అనిపిస్తుంది. అనుమతి లేని కట్టడానికీ పన్ను వేస్తారు, కాబట్టి రిజిస్టరులో ఉన్నంత మాత్రాన అనుమతి ఉన్నట్టు కాదు. రిమార్కుల గడిని తప్పక చూడండి, "కొత్త కట్టడం", "విభజన", "నంబరు మార్పు" అన్న మూడింటినీ వేరుచేయండి. మూడోది పెరుగుదల కిందికి రాదు. ఒక బ్లాక్‌లో వంద నంబర్లు తీసుకుని ఐదేళ్లకొక రిజిస్టరు చొప్పున చూస్తే చాలు, మొత్తం వార్డు చేయబోతే ఏడాది సరిపోదు. పాత స్థితికి ఆధారంగా లియోనార్డ్ మన్ 1910ల్లో వేయించిన మున్సిపల్ సర్వే మ్యాపులు ఉన్నాయి, ఇంటింటి గోడ, బావి కనిపించేంత వివరం. స్థల వైశాల్యాలు గజాల్లో, ఎకరం-గుంటల్లో ఉంటాయి: గుంటకు 121 చదరపు గజాలు, ఎకరానికి 40 గుంటలు.

1970 తర్వాత కాలానికి వస్తే ఇంకో సంగతి. 1986 దాకా, మళ్లీ 1991 నుంచి 2002 దాకా ఎన్నికైన సభ లేదు. ప్రత్యేకాధికారి సభ అధికారాలు తానే వాడేవాడు. అప్పుడు మినిట్స్ బదులు ప్రత్యేకాధికారి తీర్మానాలని వెతకాలి. లేఅవుట్ల పని చాలావరకు 1975లో వచ్చిన హుడా (హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ) వైపు పోయింది.

తీర్మానాల్లో రాని గొడవలు పత్రికల్లో ఉంటాయి. అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, సుల్తాన్ బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం రెండూ చూడండి. సమావేశం తేదీ తెలుసు కాబట్టి ఆ మర్నాడు, మూడో రోజు సంచికలు తీస్తే చాలు.

ఆర్కైవ్స్‌కు వెళ్లేటప్పుడు మీ సంస్థ లేదా గైడు ఇచ్చిన లేఖ, గుర్తింపు కార్డు, రెండు ఫొటోలు, పెన్సిలు పట్టుకెళ్లండి. విషయాన్ని "హైదరాబాద్ చరిత్ర" అని రాయకుండా "1951-60 మున్సిపల్ పరిపాలన" అని రాస్తే సరైన విభాగానికి పంపుతారు. స్లిప్పు రాసిన రోజే కట్ట వస్తుందనుకోవద్దు, కాబట్టి ఒకేసారి నాలుగైదు నంబర్లు రాసివ్వండి. విరిగిపోయే కాగితాన్ని ఫొటోకాపీకి ఇవ్వరు, చేత్తో రాసుకోవాల్సిందే.

కార్పొరేషన్‌లో మామూలుగా అడిగితే తేలకపోతే సమాచార హక్కు చట్టం వాడండి. రుసుము 10 రూపాయలు, గడువు 30 రోజులు. "మేయర్ పాలన వివరాలు ఇవ్వండి" అని రాస్తే "సమాచారం అందుబాటులో లేదు" అన్న ఒక్క వాక్యంతో తిరిగొస్తుంది. "1953 సంవత్సరపు సాధారణ సభ మినిట్స్, అజెండా పుస్తకాలను సెక్షన్ 2(జె) కింద స్వయంగా పరిశీలించడానికి అనుమతించండి" అని రాయండి. పరిశీలన అడిగితే వాళ్లకు జిరాక్స్ పని తప్పుతుంది, మీకు పక్క పుస్తకాలూ కంటపడతాయి. మొదటి గంటకు రుసుము లేదు. రికార్డు వేరే ఆఫీసులో ఉంటే సెక్షన్ 6(3) ప్రకారం ఐదు రోజుల్లో అక్కడికి బదిలీ చేయాలి, ఆ మాట దరఖాస్తులోనే ఒక లైను రాసి పెట్టండి. ఎందుకు, ఎలా అన్న ప్రశ్నలు మాత్రం వేయొద్దు. ఉన్న కాగితం ఇవ్వడమే వాళ్ల బాధ్యత.